తొమ్మిదిన్నర కూత

పేరు తెలీదు.
హిందీ సీరియల్ అని తెలుసు,
మంగళవారమని తెలుసు,
టైమ్‌కీపర్ సన్నాసిరావు గారి కిటికీ ఊచలు
నా చెంపల మీద అచ్చుపడేవని తెలుసు.
లోపల గచ్చు మీద చోటు ముందొచ్చిన వాళ్లకే.
నేనెప్పుడూ ముందు రాలేదు,
అంట్లు తోమేసి రావాలి కదా.

కథ అయిపోయాక
తెల్లటి అక్షరాలు చీమల బారులా పైకి పాకేవి.
అప్పుడొచ్చేది ఆ వాయిద్యం.
లాల్లల లా... లలలా... లా...
చివర ఒక పొడుగాటి స్వరం,
ఊఁ——
కొండెక్కి, దిగడం మర్చిపోయినట్టు.

నలభై ఏళ్లకు దగ్గర పడింది.
ఘోషాసుపత్రి నైట్ డ్యూటీలో
సెలైన్ చుక్కలు లెక్కపెడుతూ అదే కూనిరాగం.
మొన్నొక బాలింత అడిగింది,
"ఏ సినిమాలోది సిస్టరమ్మా? పిల్ల ఊరుకుంది."
చెప్పలేకపోయాను.
ఎంత సిగ్గో,
సొంత బిడ్డని బళ్లో చేర్చబోయి
పేరు దగ్గర తడబడ్డట్టు.

అప్పట్నుంచి వెతుకుతున్నాను.

గంటస్తంభం దగ్గర పాత క్యాసెట్ల మూర్తి
కళ్లు మూసుకుని విన్నాడు,
"సన్నాయి" అన్నాడు.
మళ్లీ పాడించుకుని, "కాదు, వేణువు."
మూడోసారికి టీ తాగమన్నాడు.
మా తోటికోడలు అది సబ్బు ప్రకటనే అని ఒట్టేసింది.
డాక్టరు గారు ఏదో రాగం పేరు చెప్పి
ఆ చివరి స్వరం మాత్రం అందులో ఉండకూడదే అన్నారు,
బీపీ తేడాగా వచ్చినప్పటి మొహం పెట్టి.
మేనకోడలు ఫోను నా నోటికి అడ్డం పెట్టింది:
"దీనికి వినిపించత్తా, ఇట్టే చెప్పేస్తాది."
ఫోను గుండ్రాలు తిప్పుకుంటూ ఆలోచించి
ఎవరిదో పంజాబీ పెళ్లిపాట చూపించింది.
ఇంకోసారి పాడితే
నేనసలేమీ పాడలేదంది.

నెల్లిమర్లలో చిన్నాన్న మనవరాలి పెళ్లి.
ఊరేగింపు ముందు బ్యాండు,
బ్యాండులో క్లారినెట్టు తవిటయ్య,
ఎర్రకోటుకి ఒక బొత్తాం లేదు.
వాళ్లు బీడీలకి ఆగినప్పుడు
ఆయన చెవి దగ్గర పాడేశాను.

నవ్వాడు.
"ఒలమ్మ, నువ్వు మిల్లు లైన్ల గుంటవేటి?
ఆ ఆకరిది పాటలోది కాదు తల్లీ.
అది మన కూత.
తొమ్మిదిన్నర మొదటి కూత.
పదేల్లు స్పిన్నింగులో సేసినాను, నాకు తెల్దేటి?"

ఊరంతటికీ మిల్లులోంచి వినబడేది
నాకొక్కదానికి టీవీలోంచి వినబడిందా!

కిటికీ దగ్గర నా వెనక
సైకిలు మీదే కూర్చుని,
ఒక కాలు నేలకానించి నాన్న.
హ్యాండిల్‌కి క్యారేజీ, వెంట్రుకల్లో నార పీచు,
చొక్కా నిండా జనపనార నూనె వాసన.
ఆయనకి దొరికేది ఆ చివరి అయిదు నిమిషాలే.
కూత పడగానే వెనక ఖాళీ.
పొద్దున్న ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటూ,
"ముందు ఏటయ్యిందే?"
నాకు మాత్రం హిందీ వచ్చా?
ఆయమ్మ మొగుడికి ఉత్తరం రాసింది,
పోస్టుమాను గెడ్డలో పారేసుకున్నాడు అన్నాను.
వారం తర్వాత, నిద్రకి వాలిపోతూ అన్నాడు,
"పాపం, ఆ పోస్టుమాను ఉద్యోగం ఉందో ఊడిందో."

సీరియల్ పేరు తవిటయ్యకీ తెలీదు.
కానీ వాయించాడు,
తప్పు లేకుండా, వీధి మధ్యలో, బీడీ చెవిలో పెట్టుకుని.
చివరి స్వరం దగ్గర క్లారినెట్టు దించేసి
నోటితోనే కూశాడు.

కారులో పెళ్లికొడుకు ఉలిక్కిపడ్డాడు.
ఎదుటి పెంకుటింటి అరుగు మీద ఒక ముసలాయన
లేచి నిలబడి
వాచీ లేని మణికట్టు చూసుకున్నాడు,
కాలితో చెప్పులు తడుముకున్నాడు.